శ్రావణ శుక్రవారపు కరెంటు

మా ల్యాబులో పని చేసేది ఇద్దరం. ఆయన గ్లవ్స్ వేసుకుంటారు, నేను వేసుకోను. వేసుకోకుండా ఊరుకుంటే బాగుండేది, వేసుకున్న మనిషిని సాధించేదాన్ని కూడా. కోనసీమలో గాలిలోనే సగం నీళ్ళుంటాయి. ఆ రబ్బరు తొడుగులో పెట్టిన చెయ్యి కాసేపటికి ఉడకేసిన చేమదుంపలా తయారవుతుంది. "చేతులు కడుక్కోవడం వచ్చినవాళ్ళకి ఈ తొడుగులెందుకండీ మాష్టారూ?" అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు. నాతో వాదన పెట్టుకుంటే మధ్యాహ్నం క్యారేజీ సాయంత్రం విప్పుకోవలసి వస్తుందని మా కాలేజీలో అందరికీ తెలుసు.

ల్యాబంటే ఏదో ఊహించుకోకండి. అమలాపురంలో మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ డిపార్టుమెంటు వెనక, ఒకప్పుడు పగిలిన గాజు సామాను పడేసిన గది. కిటికీ తీస్తే కొబ్బరిమట్ట లోపలికి వస్తుంది, మూస్తే ఊపిరాడదు. ఒక బల్ల, చిన్న కొలిమి, కరెంటు కొలిచే పొటెన్షియోస్టాట్ అనే పెట్టె, దానికి తగిలించిన పాత కంప్యూటరు. మాష్టారు నాకంటే చాలా చిన్నవారు, నాలాగే మా డిపార్టుమెంటులో లెక్చరరు. వాళ్ళది ఓడలరేవు, సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం. నేను వరిచేలూ కొబ్బరితోటలూ ఉన్న ఇంట పుట్టి అలాంటి ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని. ఈ ముక్క ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. కానీ తరవాత నేను అన్న మాట అర్థం కావాలంటే ఇది రాయక తప్పదు.

యాభై దగ్గర పడుతుండగా పిహెచ్‌డికి చేరాను. పిల్లల చదువులయ్యాక, మామగారు జబ్బు తగ్గి మంచం దిగాక, ఇంక నాకోసం అనుకున్నాను. యూనివర్సిటీలో మా గైడు నాకంటే చిన్నవారే. ఆయన నన్ను "మేడమ్ గారూ" అంటారు, నేనాయన్ని "సార్" అంటాను, ఆ రెండు పిలుపుల మధ్య మా ఇద్దరికీ ఎప్పుడూ కొంచెం ఇరుకే. గడువు ఒకసారి పొడిగించారు, మళ్ళీ పొడిగించారు. దసరా సెలవుల ముందు జరిగే సెమినారులో కమిటీకి కొత్త ఫలితం చూపించకపోతే నా రిజిస్ట్రేషను రద్దవుతుందని చెప్పేశారు. బంధువుల్లో ఇప్పటికే "మన డాక్టరుగారు ఇంకా కాంపౌండరేనా?" అనే పరాచికం నడుస్తోంది. అనేవాళ్ళకి సమాధానాలు చెప్పాను, కానీ లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉండేది.

నా పని జింకు ఆక్సైడు నలుసులతో. కంటికి ఆననంత చిన్నవి. వెలుగు పడితే నలుసులో ఒక ఎలక్ట్రాను లేచి పోతుంది, అది కూర్చున్న చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ ఊరుకోదు, పక్కనున్న రంగు అణువునుంచి ఎలక్ట్రాను లాక్కుంటుంది. రంగు విరిగిపోతుంది. బండారులంకలో నూలుకి రంగులద్దాక పారబోసే నీళ్ళని ఇలా ఎండలో పెట్టి తేటపరచాలన్నది ఆశ. రంగు తగ్గడమైతే కంటితో చూడొచ్చు. నలుసే పని చేసి తగ్గించిందా, చీర వెలిసినట్టు రంగు తనంతట తనే వెలిసిందా అన్నది మాత్రం కంటికి తెలియదు. ఎలక్ట్రాన్లని పట్టుకుని అడగాలి. అందుకని నలుసుల్ని ముద్ద చేసి, కరెంటు పారే గాజు పలక మీద పల్చగా పూసి, కొలిమిలో కాల్చి, ఆల్కహాలులో కడిగి, ఉప్పు కలిపిన నీళ్ళలో ముంచుతాం. ఆ పూతపలకనే ఫిల్ము అంటాం. పక్కన ప్లాటినం తీగ, ఇంకో పక్క కొలతకి ఆధారంగా మరో ఎలక్ట్రోడు. మూడింటినీ ఆ పెట్టెకి తగిలిస్తాం. దీపం వేస్తే లేచిన ఎలక్ట్రాన్లు గాజులోంచి తీగలోకి వస్తాయి, తెర మీద గీత మెట్టెక్కుతుంది. దీపానికి అట్ట అడ్డం పెడితే మెట్టు దిగుతుంది. "మనం అబద్ధమాడొచ్చు గానీ ఈ గీత ఆడదర్రా" అని పిల్లలకి చెప్పేదాన్ని. ఆ మాట ఇప్పటికీ నిజమే. గీత అబద్ధమాడలేదు.

జింకు ఆక్సైడుతో వచ్చిన చిక్కల్లా, అది ఎండలో పిసరంత ఉండే అతినీలలోహిత కిరణాలకే లేస్తుంది. కంటికి కనిపించే వెలుగు ఎంత పోసినా కదలదు. దాన్ని కదిలిస్తే అదే నా థీసిస్. తయారుచేసేటప్పుడు నీళ్ళకి బదులు కొబ్బరినీళ్ళు పోస్తే, వాటిలోని నత్రజని నలుసు లోపలికి చేరి దాని గుణం మారుతుందని నా ప్రతిపాదన. మా గైడు మొదట నవ్వారు. "కోనసీమవాళ్ళం, ఇంకేం పోస్తామండీ సార్?" అన్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అంతకుముందు దసరాకి ఆయుధపూజ అంటూ ఎవరో మా పొటెన్షియోస్టాట్‌కి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టారు. నేను దూదికి స్పిరిటు అద్ది అంతా తుడిచి, ఆ పసుపు దూదిని పట్టుకెళ్ళి స్టాఫ్‌రూము బల్ల మీద పెట్టాను. "యంత్రానికి పేరంటం చేసిన మహానుభావులెవరండీ? కొలతలు తేడా వస్తే ఈ దూదిని థీసిస్‌లో బొమ్మగా వేసుకోనా?" అని అడిగాను. ఆ రోజు నాకు చాలా బాగుంది.

శ్రావణమాసం వచ్చింది. మా అత్తయ్యగారు ప్రతి శుక్రవారం పేరంటం పెట్టకుండా ఉండరు. ఆవిడ మోకాళ్ళు వంగవు కాబట్టి వచ్చిన ముత్తైదువల కాళ్ళకి పసుపు రాసే పని నాది. ఆ గిన్నెలో పసుపు ఆవిడ స్వయంగా కొమ్ములు దంపించి జల్లించినది, కొట్లో కొన్నది కాదు. ఒకసారి చేతికి అంటితే రెండు రోజులకి గానీ వదలదు.

"అమ్మాయ్, మడమ వదిలేసేవు."

"రాసేనండీ అత్తయ్యగారూ."

"రాస్తే కనపడదా? పైపైన పూస్తావేంటి, గోడకి సున్నం వేసినట్టు? ఆవిడ ఎండలో నడిచొచ్చింది."

"మీరు వంగి చూసినప్పుడు చెబుదురుగాని లెండి."

"నేను వంగగలిగితే నిన్నెందుకు బతిమాలతానమ్మా?"

కుర్చీలో కూర్చున్న పక్కింటి పిన్నిగారు కిసుక్కున నవ్వింది. నేను మడమకి ఇంకో పూత వేశాను. ఇవేవీ నమ్మని మనిషినని బయట చెప్పుకుంటాను, ఇంట్లో మాత్రం కింద కూర్చుని వరసగా పాదాలకి పసుపు రాస్తాను. కాలేజీలో ఎవరైనా అడిగితే "మా అత్తయ్యగారి సరదా" అనేదాన్ని. నిజానికి ఆ పని నాకు అసహ్యం కాదు. అదే చెప్పుకోలేకపోయేదాన్ని.

నాకు శనివారం మధ్యాహ్నం క్లాసులుండవు. శుక్రవారం ఫిల్ములు కొలిమిలో పెట్టి, శనివారం చల్లారాక తీసి కడిగేదాన్ని. పళ్ళెంలో ఆల్కహాలు పోసి, పట్టకారుతో పట్టుకుంటే పూత గీరుకుపోతుందని, ఫిల్మును వేళ్ళతోనే పట్టుకుని అటూ ఇటూ ఆడించేదాన్ని. పసిపిల్లకి స్నానం చేయించినట్టు అంత జాగ్రత్తగా.

శ్రావణంలో మొదటి శనివారం కడిగిన ఫిల్మును ముంచి, బజారులో దొరికే మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బు వేశాను. అందులో అతినీలలోహితం ఉండదు. గీత లేచింది. అట్ట అడ్డం పెట్టాను, దిగింది. తీశాను, లేచింది. పక్క బల్ల దగ్గరున్న మాష్టారిని కేకేశాను. ఆయన వచ్చి తెర చూసి, "అయ్ బాబోయ్, మెట్టెక్కిందండీ!" అన్నారు. ఆయన ముఖంలో సంతోషం నాకంటే ఎక్కువే ఉంది. అది నాకిప్పుడు గుర్తొస్తుంటే ఇంకా కష్టంగా ఉంటుంది.

గైడుకి ఫోను చేశాను. ఫిల్ము తెల్లగా లేదు, లేత పసుపుగా ఉందని చెప్పాను. "నత్రజని చేరితే జింకు ఆక్సైడు పసుపుబారుతుంది మేడమ్ గారూ, చాలామంది రాసేరు" అన్నారు ఆయన. కాకపోతే వెలుగు వేసి తీసేకొద్దీ మెట్టు పొట్టిదవుతోంది, ఫిల్ము తెల్లబడుతోంది. "నిలకడ సంగతి తరవాత చూద్దాం. ముందు ఇంకొకరి చేత్తో చేయించండి. ఇంకొకరికీ వస్తేనే అది ఫలితం."

ఆ ఇంకొకరు మాష్టారే. నా నలుసులే ఇచ్చాను, నా ముద్దే ఇచ్చాను. ఆయన గ్లవ్స్ తొడుక్కుని పూశారు, కాల్చారు, కడిగారు. అతినీలలోహిత దీపానికి మెట్టు చక్కగా వచ్చింది. ఎల్‌ఈడీ బల్బుకి గీత చచ్చినట్టు పడుకుంది. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. పక్కనే నా ఫిల్ములు మెట్టు మీద మెట్టు ఎక్కుతున్నాయి.

"మీరొకసారి గ్లవ్స్‌తో చేసి చూస్తారేంటండీ మేడమ్?" అన్నారు ఆయన ఒక రోజు.

"ఎందుకూ? గ్లవ్స్ వేసుకున్నవాళ్ళకి రావడం లేదు కదండీ!"

"ఆయ్. పోనీ మీ ఫిల్ము నేను కడుగుతానండీ. మిగతావన్నీ మీరే చేయండి."

"నా ఫిల్ము పాడుచేయడానికా?"

ఆయన నా చేతుల వైపు ఒకసారి చూసి, కిటికీలోని మట్ట వైపు తల తిప్పుకున్నారు.

ఆ వారంలోనే స్టాఫ్‌రూములో ఎవరో అడిగారు, ఇద్దరూ ఒకటే పని చేస్తున్నప్పుడు ఒకరికే ఎందుకు వస్తోందని. అందరూ ఉన్నారు. మాష్టారూ ఉన్నారు, టీ తాగుతున్నారు. నేను అన్నాను: "ఇది పూత పనండీ, నాజూకు కావాలి. వల విసిరే చేతికి అబ్బమంటే ఎలా అబ్బుతుందీ?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. టీ గ్లాసు కిందపెట్టి, అరిచేతులు ఒకసారి తిప్పి చూసుకుని, "మరేనండీ, మా నాన్న కూడా అదే అంటాడు, వల విసరడం కూడా సరిగ్గా రాలేదని" అన్నారు. ఇంకా నవ్వారు అందరూ. నేను హాస్యమే ఆడాననుకున్నాను. ఇంటికెళ్ళి సుబ్బరంగా భోజనం చేశాను.

శ్రావణం వెళ్ళి భాద్రపదం వచ్చాక నా ఫిల్ములకీ జబ్బు చేసింది. కొత్తగా చేసినవి తెల్లగా వచ్చాయి, బల్బుకి కదల్లేదు. వానల వల్ల గాలిలో చెమ్మ ఎక్కువైందన్నాను. కొబ్బరినీళ్ళు ముదురుకాయవన్నాను. కొలిమికి కరెంటు సరిగ్గా రావడం లేదని విద్యుత్తు వాళ్ళని తిట్టాను. మాష్టారు నా ముద్ద గిన్నె సరిగా మూయలేదేమోనని కూడా అన్నాను. ఇన్ని కారణాలు వెతికినదాన్ని, నా చేతుల వైపు ఒక్కసారి చూడలేదు.

సెమినారు వారంలో ఉందనగా గైడు ఫోను చేశారు. "కమిటీలో ఒకాయన తప్పకుండా అడుగుతారు మేడమ్ గారూ. ద్రావణం ఆమ్లంగా ఉన్నప్పుడూ క్షారంగా ఉన్నప్పుడూ కొలిచి చూడండి. నిజంగా నలుసు గుణమే మారితే గీత ఫలానా వైపుకి జరగాలి." శ్రావణంలో చేసిన మంచి ఫిల్ము ఒకటి, ఇంకా వెలుగు చూడనిది, నల్ల కాగితంలో చుట్టి దాచి ఉంచాను. దాన్ని తీశాను. మాష్టారు క్షారం కలిపిన నీళ్ళు గిన్నెలో పోశారు. నేను ఫిల్ము ముంచాను.

ఫిల్ము ఎర్రబడింది.

చిక్కటి ఎరుపు కాదు. లేతగా, ఇటుకరంగులోకి తిరిగి, అంచు దగ్గర, నేను పట్టుకునే చోట, కాస్త ముదురుగా. నా వేలి ఆకారంలో. ఆ ఎరుపు నాకు తెలుసు. పెళ్ళికూతురి పాదాలకి పెట్టే పారాణి అది. పసుపులో సున్నం కలిపితే వచ్చేది. నేను ప్రతి సంవత్సరం మొదటి ఏడాది పిల్లలకి పసుపు కాగితం సబ్బునీళ్ళలో ముంచి చూపించేదాన్ని: "చూశారా, క్షారం తగిలితే ఎరుపు. మీ అమ్మమ్మలు కెమిస్టులర్రా!" పిల్లలు నవ్వేవారు. ఆ పాఠం నాకు రాకపోతే ఇంత సిగ్గు ఉండేది కాదు.

పెట్టె మీద బొట్టు పెట్టారని ఊరంతా వినేలా అరిచిన మనిషి, శుక్రవారం పాదాలకి రాసిన పసుపుని శనివారం ఆల్కహాలులో కలిపి, తన ఫిల్ములకే పేరంటం చేసింది. పసుపులో ఉన్న రంగు ఆల్కహాలులో ఇట్టే కరుగుతుంది, జింకు ఆక్సైడుని ఇట్టే పట్టుకుంటుంది. కంటికి కనిపించే వెలుగుని తాగి నలుసుకి ఎలక్ట్రాను ఇచ్చింది పసుపు, కొబ్బరినీళ్ళు కాదు. ఇచ్చి ఇచ్చి పసుపు వెలిసిపోయేది, అందుకే మెట్టు పొట్టిదయ్యేది. గీత మొదటి రోజునుంచీ ఉన్న సంగతే చెబుతోంది.

నేను పక్కకి చూశాను. మాష్టారు ఫిల్ము వైపు చూడడం లేదు. బల్ల తుడుస్తున్నారు, అక్కడ తుడవడానికేమీ లేకపోయినా.

"మీకు తెలుసు" అన్నాను.

"ఏంటండీ?"

"మాష్టారూ, నాతో ఆటలాడకండి. మీకు తెలుసు."

ఆయన గుడ్డ మడతపెట్టారు. "తెలుసని కాదండీ. అనుమానమండీ. మీ పళ్ళెంలో ఆల్కహాలు పచ్చగా కనబడింది ఒకసారి."

"మరి చెప్పాలి కదండీ! నోరు లేదా? గడువు ముంచుకొచ్చేదాకా చూస్తూ కూర్చుంటారా?" ఆ సమయంలో కూడా నేను పైచెయ్యి వదల్లేదు. గొంతు లేచింది.

"ఎలా చెప్పమంటారండీ?" ఆయన గొంతు లేవలేదు. "శ్రావణమాసం. ముత్తైదువ చేతికున్న పసుపు కడిగేసుకు రండి అని మగాణ్ణి నేనెలా అనగలనండీ? మా అమ్మ వింటే గడప తొక్కనిస్తుందా? రేపు సార్‌కి ఏమైనా జరగరానిది జరిగితే, నా నోటి మాటే అనుకోరా? అందుకేనండీ గ్లవ్స్ వేసుకోండన్నాను. కడుగుతానన్నాను. ఇంకెన్ని రకాలుగా అంటానండీ?"

సార్ అంటే మా ఆయన. నాకు కోపం రావాలి, ఇద్దరు సైన్సు లెక్చరర్ల మధ్య ఈ మాటలేమిటని. రాలేదు. ఎందుకంటే ఆయన అన్నది మా వైపు ఎవరైనా అనేదే. ఆ మాట నేరుగా అని ఉంటే నేనేం చేసేదాన్ని? ఇంటికెళ్ళి మా అత్తయ్యగారికి చెప్పేదాన్ని. ఆవిడ దిష్టి తీసేవారు. నేను తీయించుకునేదాన్ని.

"వల విసిరే చెయ్యి అన్నాను" అన్నాను.

"ఆయ్, అన్నారండీ." మడతపెట్టిన గుడ్డ పక్కన పెట్టి, "ఉప్పునీళ్ళ చేతులు కదండీ, మన పనికి ఉప్పు మంచిదే" అన్నారు. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

అనుమానం అనుమానమే, కొలవాలి. ఆ సాయంత్రం వంటింట్లో గూట్లో ఉన్న పసుపు డబ్బా తీస్తుంటే అత్తయ్యగారు చూశారు.

"ఏ నోమే అమ్మాయ్, భాద్రపదంలో?"

"కాలేజీకండీ. పరీక్ష చేయడానికి."

"నా పసుపునా? నిన్నెవరన్నా అన్నారా, కల్తీదని?"

"దీనంత మంచి పసుపు లేదండీ అత్తయ్యగారూ. అదే నా కొంప ముంచింది."

ఆవిడకి అర్థం కాలేదు, కానీ మంచిదన్నానని సంతోషించి ఇంకో చెంచా వేసి ఇచ్చారు.

మర్నాడు మాష్టారు చేసిన తెల్లటి ఫిల్మును, కొబ్బరినీళ్ళు తగలని మామూలు జింకు ఆక్సైడుని, పసుపు కలిపిన ఆల్కహాలులో ముంచి తీశాం. ఎల్‌ఈడీ బల్బు వేశాం. నేను శ్రావణమంతా చూసుకుని మురిసిన మెట్టే. నాదానికంటే ఇంకా ఎత్తు. మాష్టారు అట్ట అడ్డం పెట్టి తీస్తుంటే, చెవులకి వేడి పట్టి, నేను తెర వైపు చూడలేకపోయాను.

సెమినారుకి ముందురోజు, చెప్పకపోతే ఏమవుతుందని ఆలోచించాను. అబద్ధం ఆడనక్కరలేదు. శ్రావణం మెట్లు చూపించి, క్షారం కొలత ఇంకా పూర్తి కాలేదంటే చాలు. మాష్టారు నోరు విప్పరు. పసుపు సంగతే చెప్పలేకపోయిన మనిషి, ఇదా చెబుతారు? ఆయన మర్యాదని నాకు దుప్పటిలా కప్పుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు పడ్డ సిగ్గు ముందు, ఎర్రబడ్డ ఫిల్ము దగ్గర పడ్డ సిగ్గు ఎంతో చిన్నది.

యూనివర్సిటీలో కమిటీ ముందు రెండు గీతలు పెట్టాను. శుభ్రమైన ఫిల్ము గీత, పడుకున్నది. పసుపు ఫిల్ము గీత, మెట్లెక్కి మెల్లగా చచ్చేది. కొబ్బరినీళ్ళ వల్ల ఏమీ జరగలేదని చెప్పాను. పసుపు ఎలా వచ్చిందో కూడా చెప్పాను, శుక్రవారం, పాదాలు, ఆల్కహాలు అన్నీ. వెనక కూర్చున్న పిల్లలు కిచకిచలాడారు. అడుగుతారన్న ఆ ఒకాయన కళ్ళజోడు తీసి, "అంటే, మేడమ్, ఇన్నాళ్ళ పనికి ఫలితం లేదంటారు" అన్నారు.

"లేదండీ" అన్నాను. నా జీవితంలో అంత పొట్టి సమాధానం ఎవరికీ ఇచ్చి ఉండను.

"ఈ శుభ్రమైన ఫిల్ములు చేసిందెవరు?" మా గైడు అడిగారు. ఆయన ముఖం చూడలేకపోయాను.

"మా కాలేజీ మాష్టారండీ. మొదటినుంచీ ఆయనవే సరైనవి. చేతకాలేదని నేనే అన్నాను."

నన్ను బయట కూర్చోబెట్టి వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. పిలిచి చెప్పింది ఇదీ: గడువు ఇంకొక్కసారి ఇస్తారు, ఇదే ఆఖరు. కొబ్బరినీళ్ళు పక్కనపెట్టాలి, జింకు ఆక్సైడుని పట్టుకున్న రంగుల మీదే పని చేయాలి. బండారులంక రంగుల్లో ఏది వెలుగు తాగి నలుసుకి ఎలక్ట్రాను ఇస్తుందో, ఏది ఇవ్వదో తేల్చాలి. నేను చేసే ప్రతి ఫిల్ముకీ జంటగా మాష్టారు ఒకటి చేయాలి. ఆయన ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే రిజిస్ట్రేషను లేదు.

కాబట్టి నేను అడగాలి. ల్యాబులో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగితే సులువు. ఆయన ఒక్క మాటతో ఒప్పుకుంటారని తెలుసు. కానీ నేను నవ్వించింది స్టాఫ్‌రూములో. టీ వేళకి వెళ్ళాను. ఆ రోజు నవ్విన వాళ్ళందరూ ఉన్నారు. నిలబడి, కమిటీ ఏమన్నదీ చెప్పాను, పసుపు సంగతీ చెప్పాను. ఎవరో అన్నారు, "అయితే పోయిన దసరా దూది దాచి ఉంచాల్సింది మేడమ్, థీసిస్‌లో బొమ్మకి పనికొచ్చేది." అనవలసిన మాటే. జవాబు నోటి చివరదాకా వచ్చింది, మింగాను.

"మాష్టారూ, నాకు మీ చెయ్యి కావాలి. వల విసిరే చెయ్యి అని ఇక్కడే వెక్కిరించాను. తప్పు మాట. ఇక్కడే అడుగుతున్నాను" అన్నాను.

ఆయన ముఖం కందిపోయింది. ఇంతమందిలో ఆయన్ని అలా నిలబెట్టడం కూడా నా దురుసుతనమేనని అప్పుడు తట్టింది. సిగ్గు నాది, మధ్యలో చెమటలు ఆయనకి.

"ఆయ్, అలాగేనండీ. కూర్చోండి మేడమ్, టీ చల్లారిపోతుంది" అన్నారు, కప్పు వైపు చూస్తూ.

మేము ఇప్పుడు ఆ పనే చేస్తున్నాం. ఆయన నాతో ఎప్పటిలాగే మర్యాదగా ఉంటారు. ఎప్పటికంటే కొంచెం ఎక్కువ మర్యాదగా. ఆ కొంచెం నాకు తెలుస్తూనే ఉంటుంది. మొన్న కార్తీకమాసంలో మా ఇంట్లో మళ్ళీ పేరంటం జరిగింది. రాయనని అత్తయ్యగారితో అనలేకపోయాను, అనాలనీ లేదు. మర్నాడు పచ్చటి వేళ్ళతోనే ల్యాబుకి వెళ్ళాను. మాష్టారు నా చేతుల వైపు చూడకుండా గ్లవ్స్ డబ్బా బల్ల మీద నావైపు జరిపారు.

"ఇవి నా చేతికి బిగుతండీ" అన్నాను.

"పెద్దవి తెచ్చేనండీ. అడుగున ఉన్నాయి."

ఎప్పుడు తెచ్చి పెట్టారో అడగలేదు. తొడుక్కున్నాను. కాసేపటికి లోపల చెమట పట్టింది, వేళ్ళ సందుల్లో పల్చని రబ్బరు గుండా పసుపు కనిపిస్తూనే ఉంది. ఆయన చేసిన ఫిల్ము పక్కన నా ఫిల్ము ముంచి, దీపం వేసి, గీత ఏం చెబుతుందోనని కూర్చున్నాం.